నల్లకోటుకు ఏ గ్రూప్?

పదో తరగతి ఫలితాలు వచ్చి వారం కాలేదు. జూనియర్ కాలేజీ రిసెప్షన్‌లో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ గోడ నిండా నిరుటి ర్యాంకర్ల ఫొటోలు. టేబుల్‌కు అవతల పీఆర్వో, ఇవతల ఒక తండ్రి, కూతురు. తండ్రి చేతిలో మార్కుల మెమో జిరాక్స్.

‘‘గ్రూప్ ఎంపీసీయే కదా సార్?’’ పీఆర్వో పెన్ను అప్పటికే ఆ గడి మీద ఉంది.

‘‘అదేనండీ... మా అమ్మాయి లా చదువుతానంటోంది.’’ ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు తండ్రి గొంతు తగ్గింది.

పెన్ను ఆగింది. ‘‘లాకి మా దగ్గర గ్రూప్ లేదు సార్.’’ తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు. ‘‘చూడమ్మా, లా ఎక్కడికీ పోదు. ముందు ఎంపీసీ చెయ్. ఎంపీసీ చేస్తే ఏదైనా చేయొచ్చు. సీఈసీ చేస్తే...’’ ఆ మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయకుండానే తండ్రికి అర్థమైంది.

‘‘ఎంపీసీలో సివిక్స్ ఉండదా నాన్నా?’’ అని ఆ పిల్ల అడిగేలోపు అడ్వాన్సు రసీదు చిరిగింది.

ఈ ముగ్గురికీ పేర్లు అక్కర్లేదు. ఏటా వేసవిలో విజయవాడలో, హనుమకొండలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, తిరుపతిలో ఈ సంభాషణ ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంటుంది. ఇంతకుముందు లాయర్ల ఇళ్లలోనే ‘మా పిల్ల కూడా లా’ అనేవారు. ఇప్పుడు ఆటో డ్రైవర్ ఇంట్లో, టీచర్ ఇంట్లో, భూమి తగాదాతో ఇరవై ఏళ్లుగా కోర్టు మెట్లెక్కుతున్న రైతు ఇంట్లో కూడా ఆ మాట వినిపిస్తోంది. కోర్టు విచారణలు ఫోన్లో లైవ్‌గా చూస్తూ పెరిగిన పిల్లలు వీళ్లు. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంది: ఇంటర్‌లో ఏం తీసుకోవాలి?

నిబంధన ఒక్క వాక్యమే

ఏ గ్రూప్ అయినా పర్వాలేదు. దేశంలో న్యాయవిద్యకు నియమాలు పెట్టేది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దాని 2008 నాటి నియమావళి ప్రకారం ఐదేళ్ల లాలో చేరడానికి ఇంటర్ లేదా దానికి సమానమైన చదువు ఉండాలి, జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు రావాలి. సివిక్స్ చదివి ఉండాలన్న షరతు లేదు. లెక్కలు ఉండాలనీ లేదు, ఉండకూడదనీ లేదు. ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అన్నీ ఒకే గుమ్మం ముందుకు చేరతాయి.

కాబట్టి ‘లాకి గ్రూప్ లేదు’ అన్న పీఆర్వో అబద్ధం చెప్పలేదు. ‘ఎంపీసీ చేస్తే ఏదైనా చేయొచ్చు’ అన్నదీ కాగితం మీద నిజమే. కాగితం మీద సరిపోయే మాట రెండేళ్ల జీవితానికి సరిపోతుందా అన్నదే అసలు చిక్కు.

సీబీఎస్‌ఈ బడుల్లో 11, 12 తరగతులకు లీగల్ స్టడీస్ అనే ఐచ్ఛిక సబ్జెక్టు ఉంది. మన ఇంటర్ బోర్డుల మామూలు గ్రూపుల్లో అలాంటిది కనిపించదు. ఆంధ్రప్రదేశ్ బోర్డు 2025-26లో కొత్తగా ఎంబైపీసీ తెచ్చింది. అంటే లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే గ్రూప్. ఇంజినీరా డాక్టరా అని తేల్చుకోలేని ఇంటికి అది ఊరట. ఆ రెండూ కాదనుకున్న పిల్లల గురించి ఆలోచించే తీరిక మనకు ఇంకా దొరికినట్టు లేదు.

దారి తెరుచుకునేసరికి గది ఖాళీ

సీఈసీ అనగానే పెద్దవాళ్ల మొహాలు ఎందుకు మారతాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ప్లీడరు కావాలంటే ఒకప్పుడు ముందు డిగ్రీ, తర్వాత బీఎల్. తెలుగు జిల్లాల నుంచి చాలామంది మద్రాసు లా కాలేజీకి రైలెక్కేవారు. 1891లో మొదలైన కాలేజీ అది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివి మద్రాసులో లా చేసిన కోకా సుబ్బారావు 1966లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవికి చేరిన మొదటి తెలుగువాడు ఆయనే. కర్నూలు దగ్గర పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్యదీ మద్రాసు లా కాలేజీయే. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన ఆయన పేరునే ఇప్పుడు విశాఖ దగ్గర సబ్బవరంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి పెట్టారు.

1969లో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ వచ్చింది. హెచ్‌ఈసీ, సీఈసీ చదివి, బీఏ చేసి, లాకి వెళ్లడం అప్పట్లో మామూలు వరస. ఆ గదుల్లో తెలివైన పిల్లలు కూర్చునేవారు. తర్వాత తొంభైల్లో ఊరూరా ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. మార్కులు వచ్చినవాళ్లంతా ఎంపీసీకి, బైపీసీకి వెళ్లడం, మిగిలినవాళ్లు ఆర్ట్స్‌కు అన్న లెక్క స్థిరపడింది. ప్రైవేటు కాలేజీలు అడిగేవాళ్లు లేరని హెచ్‌ఈసీ సెక్షన్లు ఎత్తేశాయి. అది ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పేదపిల్లల గ్రూప్‌గా మిగిలింది.

సరిగ్గా అదే కాలంలో లా చదువు రూపం మారింది. ఎన్.ఆర్. మాధవ మీనన్ సారథ్యంలో బెంగళూరు నేషనల్ లా స్కూల్ 1988లో మొదటి బ్యాచ్‌ను చేర్చుకుంది. ఇంటర్ కాగానే ఐదేళ్లలో బీఏ, ఎల్‌ఎల్‌బీ కలిపి చదివే పద్ధతికి అది బాట వేసింది. 1998లో హైదరాబాద్‌లో నల్సార్, 2008లో విశాఖలో సంజీవయ్య విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇంటర్ పిల్లల కోసం ఇన్ని తలుపులు తెరుచుకునేసరికి, వాటివైపు నడిపించాల్సిన ఇంటర్ తరగతి గదులే మన దగ్గర ఖాళీ అయ్యాయి. పీఆర్వో మధ్యలో ఆపేసిన వాక్యం వెనుక ఉన్నది ఈ ముప్ఫై ఏళ్ల కథ.

▣ లాకి ముందు వీళ్లు ఏం చదివారు?

• జస్టిస్ జాస్తి చలమేశ్వర్: మద్రాసు లయోలాలో భౌతికశాస్త్రం. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో లా.

• జస్టిస్ ఎన్.వి. రమణ: సైన్సు డిగ్రీ. తర్వాత నాగార్జున యూనివర్సిటీలో లా. 2021లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి.

• జస్టిస్ డి.వై. చంద్రచూడ్: ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఆర్థికశాస్త్రం, గణితం.

• నానీ పాల్కీవాలా: ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ. కేశవానంద భారతి కేసులో వాదించిన దిగ్గజం.

• కె. బాలగోపాల్: గణితంలో పీహెచ్‌డీ. కాకతీయ యూనివర్సిటీలో లెక్కల పాఠాలు చెప్పి, పౌరహక్కుల ఉద్యమంలోకి వెళ్లి, ఆ తర్వాత లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించారు. 2009లో కన్నుమూశారు.

రెండు గంటలు, పదివేల పదాలు

గ్రూప్ సంగతి పక్కనపెట్టి, తలుపు దగ్గర నిలబడ్డ పరీక్షను చూద్దాం.

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి పరీక్ష క్లాట్. 2008లో మొదలైంది. అంతకుముందు ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో పరీక్ష ఉండేది. మొదట్లో క్లాట్ అంటే జ్ఞాపకశక్తి. ఏ రాజ్యాంగ సవరణ ఎప్పుడొచ్చింది, ఏ లాటిన్ మాటకు అర్థమేమిటి అని అడిగేవారు, గైడు బట్టీపట్టి గట్టెక్కినవారు ఉన్నారు. 2020 నుంచి అది పూర్తిగా మారింది. ఇప్పుడు ప్రతి విభాగంలోనూ ముందు ఒక గద్యభాగం ఇస్తారు, దాని మీద ప్రశ్నలు అడుగుతారు. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. గద్యభాగాలు ఒక్కోటి 450 పదాల దాకా ఉంటాయి. ఉజ్జాయింపుగా లెక్కేస్తే రెండు గంటల్లో పదివేల పదాలకు దగ్గరగా చదవాలి. చదివి, అర్థం చేసుకుని, తప్పు సమాధానానికి పావు మార్కు పోతుందన్న భయంతో గడి నింపాలి.

లీగల్ రీజనింగ్ అంటే చట్టం ముందే తెలిసి ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. నియమం వాళ్లే ఇస్తారు. ఉదాహరణకు: ‘ఇతరుల స్థలంలోకి అనుమతి లేకుండా కావాలని వెళ్లడం అతిక్రమణ. ఎందుకు వెళ్లారన్నదానితో నిమిత్తం లేదు.’ పొరుగింటి పెరట్లో పడిన బంతి కోసం కుర్రాడు గోడ దూకాడు. అతిక్రమణేనా? మనసు కాదంటుంది. ఇచ్చిన నియమం ఔనంటుంది. మనసుమాట విన్న అభ్యర్థికి మార్కు పోతుంది. నియమాన్ని నియమంగా పట్టుకుని పరిస్థితికి అన్వయించే ఈ పనిలో రెండేళ్లు లెక్కలు చేసిన ఎంపీసీ పిల్లలు ముందుంటే ఆశ్చర్యం లేదు. కరెంట్ అఫైర్స్ భాగంలో పేపరు చదివే హెచ్‌ఈసీ పిల్లలు ముందుంటారు. క్వాంటిటేటివ్ టెక్నిక్స్ అన్న పేరు బెదిరిస్తుంది గానీ అది పదో తరగతి లెక్కే. శాతాలు, నిష్పత్తులు, సగటులు, అంతే. ఆ భాగం మొత్తం ప్రశ్నపత్రంలో పదో వంతు.

అంటే పరీక్ష ఏ గ్రూప్ పక్షమూ వహించదు. చదివే అలవాటున్నవాళ్ల పక్షం వహిస్తుంది. మన ఎంపీసీ రెండేళ్లు దెబ్బతీసేది దాన్నే. ఉదయం ఆరింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పదింటి స్టడీ అవర్ దాకా మెటీరియల్ తప్ప మరో కాగితం కంటబడని హాస్టల్లో ఉన్న పిల్ల వార్తాపత్రిక సంపాదకీయం ఎప్పుడు చదువుతుంది? పైగా క్లాట్ డిసెంబరు మొదటివారంలోనే వచ్చేస్తుంది. 2025 ప్రవేశాలకు 2024 డిసెంబరు 1న జరిగింది, 2026కు 2025 డిసెంబరు 7న. జేఈఈ మొదటి విడత జనవరిలో. ‘ముందు జేఈఈ రాసి, తర్వాత లా సంగతి చూద్దాం’ అనుకునేసరికి క్లాట్ అయిపోయి ఉంటుంది. ‘లా ఎక్కడికీ పోదు’ అన్న మాట ఇక్కడే బోల్తా కొడుతుంది.

▣ క్లాట్, లాసెట్: చప్పున తేడా

క్లాట్: ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, క్వాంటిటేటివ్ టెక్నిక్స్. ఇంటర్‌లో జనరల్‌కు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. గరిష్ఠ వయోపరిమితి లేదు. నల్సార్, విశాఖ విశ్వవిద్యాలయాల్లో స్థానికులకు కోటా ఉంది.

లాసెట్: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వేర్వేరుగా నిర్వహిస్తాయి. రాష్ట్రంలోని మిగతా లా కాలేజీల కోసం. ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ప్రశ్నపత్రం. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పులకు కోత లేదు. జీకే, మెంటల్ ఎబిలిటీకి 30, కరెంట్ అఫైర్స్‌కు 30, లా ఆప్టిట్యూడ్‌కు 60. ఇంటర్ వాళ్లకు ఐదేళ్ల కోర్సు, డిగ్రీ వాళ్లకు మూడేళ్ల కోర్సు.

ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం క్లాట్‌లో లేదు. దాని పరీక్ష ఐలెట్ విడిగా రాయాలి.

16తో గుణిస్తే ఒక ఇల్లు

‘లాలో లెక్కలెందుకు, మాకు లెక్కలంటే భయం, అందుకే లా’ అనే పిల్లలు కనిపిస్తుంటారు. వాళ్లను ఏదైనా జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు ఒకరోజు తీసుకెళ్లాలి.

బల్ల మీద ఫైలు. చనిపోయిన మనిషి 34 ఏళ్ల ఆటో డ్రైవర్ అనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. నెలకు 15 వేలు సంపాదించేవాడని కోర్టు నమ్మింది. సొంతంగా బతికే మనిషి, నలభై లోపు వయసు. కాబట్టి ముందుముందు పెరగగల సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 21 వేలయింది. బతికుంటే అందులో తన ఖర్చులు తనకుంటాయి కదా, ఆధారపడ్డవాళ్లు నలుగురు గనక నాలుగో వంతు తీసేయాలని 2009 నాటి సరళా వర్మ తీర్పు. మిగిలింది 15,750. ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు అదే తీర్పు ఇచ్చిన గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. అంత్యక్రియల వంటి పద్దులు దీనికి అదనం.

ఇందులో పదో తరగతి దాటిన లెక్క ఒక్కటీ లేదు. కానీ ఏ శాతం ముందు కలపాలి, ఏ భాగం తర్వాత తీయాలి, గుణకం 16 ఎందుకు, 15 ఎందుకు కాదు అన్నది ఆ ఇంట్లో పిల్లల చదువును నిర్ణయిస్తుంది. బీమా కంపెనీ లాయరు వయసు 36 అని రుజువు చేయగలిగితే గుణకం 15కు పడిపోతుంది, 1,89,000 రూపాయలు పోతాయి. అందుకే పుట్టినతేదీ సర్టిఫికెట్ కోసం అంత పట్టుదల. లెక్కంటే భయపడే లాయరు ఆ తల్లికి ఏం సాయం చేయగలడు?

ఆస్తి పంపకాల దావాలో వాటాలు కూడా భిన్నాలే. జీఎస్టీ తగాదాలు, 2016లో వచ్చిన దివాలా స్మృతి కేసులు బ్యాలెన్స్‌షీట్ చదవడం రాకపోతే ముందుకు కదలవు. చెల్లని చెక్కుల కేసులు మెజిస్ట్రేట్ కోర్టుల్లో గుట్టలుగా ఉంటాయి, ఖాతా పుస్తకం చూసి ప్రశ్న వేయగల ఎంఈసీ, సీఈసీ పిల్లలకు అక్కడ చేతినిండా పని. బైపీసీ చదివినవాడు గాయాల సర్టిఫికెట్, పోస్టుమార్టం రిపోర్టు చదివి డాక్టరును క్రాస్ చేయగలడు. వైద్య నిర్లక్ష్యం మీద వినియోగదారుల కమిషన్లకు వచ్చే కేసుల్లో ఆ బలం తెలుస్తుంది. ఇక పేటెంట్ ఏజెంట్‌గా నమోదు కావాలంటే సైన్సు, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాల్సిందేనని పేటెంట్ల చట్టమే చెబుతోంది. ఇంటర్‌లో సైన్సు వదిలేసినవాళ్లకు ఈ ఒక్క తలుపు మాత్రం దాదాపు మూసుకుపోతుంది. సబ్జెక్టుకూ వృత్తికీ చట్టమే ముడిపెట్టిన చోటు నాకు కనిపించింది ఇదొక్కటే.

‘సంస్కృతం తీసుకో, మార్కులొస్తాయి’

గ్రూప్ గురించి ఇంట్లో వారం రోజులు చర్చ నడుస్తుంది. సెకండ్ లాంగ్వేజ్ గురించి అర నిమిషం కూడా నడవదు. అప్లికేషన్‌లో ఆ గడి కాలేజీవాళ్లే నింపేస్తారు. ప్రైవేటు కాలేజీ అయితే చాలాచోట్ల అది సంస్కృతం. సంస్కృత సాహిత్యం మీద మోజుతో అయితే సంతోషమే. మార్కులు సులువుగా పడతాయన్న ఒకే కారణంతో నింపుతారు.

లా చదవాలనుకునే పిల్లకు మొత్తం ఫారంలో ఖరీదైన గడి అదేనని నా అభిప్రాయం. జిల్లా కోర్టుకు వచ్చే సాక్షి తెలుగులో చెబుతాడు. అదీ పుస్తకాల తెలుగు కాదు, పలాసదో, పాడేరుదో, నారాయణఖేడ్‌దో, ఆదోనిదో. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక ప్రశ్న తప్పుగా పడితే కేసు చేజారుతుంది. దస్తావేజులు, వీలునామాలు, పంచాయితీ కాగితాలు తెలుగులో ఉంటాయి. తెలంగాణలో భూమి కేసు పట్టుకుంటే పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ, సాదాబైనామా. ఆంధ్రలో అయితే అడంగల్, 1బి. అందులో పాత చేతిరాత చదవలేక సీనియర్ గుమస్తా కోసం ఎదురుచూసే కుర్ర లాయర్లు ఎందరో. సివిల్ జడ్జి ఉద్యోగాల రాతపరీక్షలో తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి అనువాదం కూడా ఉంటుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు అన్నదమ్ముల ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. తీర్పులను ప్రాంతీయ భాషల్లోకి తేవడం సుప్రీంకోర్టు కూడా మొదలుపెట్టింది. ఆ పనికి రెండు భాషలూ వచ్చిన లాయర్లు కావాలి.

దీనికి ఇంకో అంచు ఉంది. క్లాట్ ఇంగ్లిష్‌లోనే. హైకోర్టు, సుప్రీంకోర్టు వాదనలూ అంతే. తెలుగు మీడియంలో చదివి, ప్రభుత్వ కాలేజీలో హెచ్‌ఈసీ తీసుకున్న పిల్లాడికి చట్టం మీద ఆసక్తి ఎంతున్నా మొదటి గోడ భాష, రెండోది డబ్బు. దరఖాస్తు రుసుమే జనరల్‌కు 4 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. సీటొస్తే ఏటా లక్షల్లో ఫీజు. ఈ దూరం చూసే ప్రొఫెసర్ షంనాద్ బషీర్ 2010లో ఇడియా అనే సంస్థ పెట్టారు. బస్తీల్లో, పల్లెల్లో పిల్లల్ని వెతికి, క్లాట్‌కు తయారుచేసి, చేరాక కూడా వెంట ఉండే సంస్థ అది. ఆయన 2019లో పోయినా పని ఆగలేదు. లా కాలేజీల విద్యార్థులే అందులో స్వచ్ఛందంగా పాఠాలు చెబుతారు. మన సంక్షేమ గురుకులాల్లో ఐఐటీ, నీట్ శిక్షణకు ఇచ్చిన శ్రద్ధలో పావు వంతు ఇటు పెడితే ఏమవుతుందో చూడాలని ఉంది.

▣ సముద్రం దాటితే

బ్రిటన్: ఎ లెవెల్స్ తర్వాతే లా డిగ్రీ. ఫలానా సబ్జెక్టు తప్పనిసరి అని సాధారణంగా అడగరు. వ్యాసాలు రాయించే చరిత్ర, ఇంగ్లిష్ సాహిత్యం వంటివాటికి మంచి పేరు. రస్సెల్ గ్రూప్ విశ్వవిద్యాలయాలు ‘ఈ సబ్జెక్టులైతే మేలు’ అని ఇచ్చిన జాబితాను 2019లో వదిలేశాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటివి ఎల్‌న్యాట్ రాయమంటాయి: 42 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఒక వ్యాసం.

అమెరికా: ఇంటర్ కాగానే లా లేదు. ఏదైనా డిగ్రీ చేసి, సాధారణంగా ఎల్‌శాట్ రాసి, మూడేళ్ల జేడీలో చేరాలి. విజయవాడలో పుట్టిన జయ బాడిగ బోస్టన్ యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏ, శాంటా క్లారాలో జేడీ చేశారు. 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమితులయ్యారు. డాలస్‌లో, న్యూజెర్సీలో పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లకు గ్రూప్ గొడవ నాలుగేళ్లు ఆలస్యంగా వస్తుందన్నమాట.

ఐదూ మూడూ ఎనిమిది

ఇంట్లో పెద్దవాళ్ల అసలు భయం సబ్జెక్టు గురించి కాదు. ‘ఎప్పుడు సంపాదిస్తుంది?’ అన్నది వాళ్ల ప్రశ్న. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఐదేళ్ల చదువు. తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆల్ ఇండియా బార్ పరీక్ష. ఆ పరీక్ష చెల్లుతుందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. జడ్జి కావాలనుకుంటే చదువు అవగానే పరీక్ష రాసే వీలు చాలా రాష్ట్రాల్లో కొన్నేళ్లుగా ఉండేది. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ వెసులుబాటు తీసేసింది. సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని తీర్పిచ్చింది. కోర్టు హాల్లో నిలబడని వాళ్లు తీర్పులు రాయడం ఎలా అన్నది ఆ తీర్పు వెనుక ఆలోచన. కాదనలేం. కానీ ఆ మూడేళ్లు సీనియర్ దగ్గర జూనియర్‌గా గడపాలి, చాలాచోట్ల చేతికొచ్చేది బస్సు ఖర్చులకు సరిపోతుంది. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, ఉత్తర్వు కాదు. పెద్ద న్యాయ విశ్వవిద్యాలయాల నుంచి కార్పొరేట్ సంస్థలకు వెళ్లేవారికి మొదటి నెల నుంచే మంచి జీతం. మండల కోర్టుకు వెళ్లేవారికి ఓపికే పెట్టుబడి.

ఇల్లు అంతకాలం ఆగలేకపోతే మూడేళ్ల లా ఉంది. డిగ్రీ చేసి, ఏదో ఉద్యోగం వెతుక్కుని, కాస్త నిలదొక్కుకున్నాక చేరవచ్చు. బీటెక్ చేసి వచ్చినవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు ఆ తరగతుల్లో కనిపిస్తారు. ఐదేళ్ల కోర్సుకు సీటు రాలేదని పద్దెనిమిదేళ్లకే కుంగిపోయే పిల్లలకు ఈ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంచాలి.

మరి ఏం తీసుకోవాలి?

అడిగితే నేను చెప్పేది ఇది. లా మీద మనసు గట్టిగా ఉన్న పిల్లకు హెచ్‌ఈసీ లేదా సీఈసీ మంచిది. ఐదేళ్ల కోర్సు మొదటి సంవత్సరాల్లో ఎదురయ్యే రాజనీతి శాస్త్రం, ఆర్థికశాస్త్రం, చరిత్రలతో ముందే పరిచయం అవుతుంది. అంతకన్నా ముఖ్యంగా ఆ రెండేళ్లలో పుస్తకం, పేపరు చదివే తీరిక దొరుకుతుంది. కంపెనీ, పన్నుల వైపు చూపుంటే ఎంఈసీ. లెక్కలంటే నిజంగా ఇష్టమున్న పిల్ల ఎంపీసీ తీసుకోవడంలో తప్పేమీ లేదు, ఐఐటీ బ్యాచ్‌లో మాత్రం చేరకుండా ఉంటే చాలు. సైన్సు మనసుకు నచ్చితే బైపీసీ. సెకండ్ లాంగ్వేజ్ గడిలో తెలుగు.

ఇంకో మాట. మంచి ఇంగ్లిష్ లెక్చరర్ ఉన్న చిన్న కాలేజీలో సీఈసీ, గోడ నిండా ఫొటోలున్న పెద్ద కాలేజీలో ఎంపీసీ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మొదటిదే అంటాను. కాలేజీకి లైబ్రరీ ఉందా, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లలతో సొంతంగా ఒక్క పేజీ అయినా రాయిస్తారా అన్నవి ఫీజు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు. హాస్టల్ అయితే ఇంకొకటి కూడా అడగాలి: సెకండియర్ డిసెంబరు మొదటి ఆదివారం పిల్లను బయటికి పంపుతారా? చాలాచోట్ల ఆ రోజు వీకెండ్ టెస్టు ఉంటుంది.